కొమ్మ ముందు, పిట్ట తర్వాత: పాత మాన్యువల్ లెన్సుతో పార్కులో పక్షుల ఫొటోలు

హైదరాబాద్ ఇందిరా పార్కులో చెరువు గట్టున ఉదయం కూర్చుంటే, వాకింగ్‌కి వచ్చినవాళ్ళలో ఒక్కరైనా ఆగి అడుగుతారు: "ఏ చానెల్ సార్?" నా చేతిలో ఉన్నది 200 మి.మీ. సూపర్ టకుమార్ లెన్సు. పెంటాక్స్ కెమెరాల కోసం జపాన్‌లోని అసాహీ కంపెనీ 1960లలో చేసిన లోహపు గొట్టం. దాంట్లో మోటారు లేదు, చిప్ లేదు. రింగు తిప్పితే ఫోకస్, ఇంకో రింగు తిప్పితే ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం), అంతే.

ఇప్పటి కెమెరాలు పిట్ట కన్ను ఎక్కడుందో వాటంతటవే వెతికి పట్టుకుంటాయి. ఈ లెన్సుతో ఆ పని మనదే. పిట్ట కనబడ్డాక లెన్సు ఎత్తి, ఫ్రేములోకి తెచ్చి, రింగు తిప్పి ఫోకస్ పట్టేలోపు అది పక్క చెట్టు మీద ఉంటుంది. నేను మొదటి రెండు నెలలు ఇలాగే వెంటపడి ఖాళీ కొమ్మల ఫొటోలు తీశాను. ఆ తర్వాత వరస మార్చాను. ముందు కొమ్మని ఎంచుకోవడం, దాని మీద ఫోకస్ పెట్టి ఉంచుకోవడం, పిట్ట వచ్చేదాకా కాపు కాయడం. కింద చెప్పేదంతా ఆ వరస కోసమే.

లెన్సు కొనేటప్పుడు

పార్కు పిట్టలకి 200 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌తో మొదలుపెట్టొచ్చు (ఈ అంకె పెరిగేకొద్దీ పిట్ట పెద్దగా వస్తుంది). 300 అయితే ఇంకా మేలు, కానీ బరువు. ఎఫ్ 4 లేదా ఎఫ్ 4.5 వెలుతురున్నవి చూసుకోండి (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే ఎపర్చర్ అంత పెద్దగా తెరుచుకుంటుంది). నికాన్ నిక్కోర్ 200 ఎఫ్ 4, 300 ఎఫ్ 4.5, కేనన్ ఎఫ్‌డీ 200, 300, పెంటాక్స్ టకుమార్ 200 ఎఫ్ 4, సోవియట్ జూపిటర్-21ఎం 200 ఎఫ్ 4, వీటిలో ఏదైనా పనికొస్తుంది. సోవియట్‌దే టాయిర్-3 అని 300 ఎఫ్ 4.5 ఉంది, కిలోన్నర దాటుతుంది. దాన్ని తుపాకీ మడమలాంటి పిడికి బిగించి ఫొటోస్నైపర్ పేరుతో అమ్మేవారు. లెన్సు మంచిదే గానీ, ఆ పిడితో ధర్నా చౌక్ పక్కనున్న పార్కులోకి వెళ్ళమని నేనైతే చెప్పను.

500 మి.మీ. మిర్రర్ లెన్సులు (లోపల అద్దాలుండేవి) చవకగా, తేలిగ్గా దొరుకుతాయని మొదట్లోనే కొనకండి. ఎఫ్ 8 దగ్గర ఆగిపోతాయి, వెనక ఆకుల మధ్య వెలుగు చుక్కలన్నీ గారెల్లా నడుమ చిల్లుతో వస్తాయి, ఫోకస్ ఎక్కడ కుదిరిందో తెలుసుకోవడం కష్టం.

జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య దొరికినా, ఆన్‌లైన్‌లో కొన్నా, చూడాల్సినవి ఒకటే. ఫోన్ టార్చి వెలిగించి ఒక చివర నుంచి లెన్సులోకి వేసి, రెండో చివర నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. మంచు పట్టినట్టు తెల్లగా ఉంటే లోపల పొర పేరుకుందన్నమాట. నాలుగు దుమ్ము రేణువులకి మాత్రం భయపడక్కర్లేదు, ఫొటోలో కనిపించవు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళ లెన్సుల్లో ఫంగస్ కోసం రెండుసార్లు చూడాలి. తర్వాత ఫోకస్ రింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. గట్టిపడిన గ్రీజుతో మొరాయించే రింగుతో పిట్టలు తీయలేరు. గాజు మీద చిన్న గీత ఉన్నా సర్దుకోవచ్చు, బిగుసుకుపోయిన రింగుతో సర్దుకోలేం.

అడాప్టర్, ఒక చిన్న స్విచ్చి

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఉంటే పని సులువు. టకుమార్ లాంటి, స్క్రూలా తిప్పి బిగించే పాత ఎం42 లెన్సు, సెన్సార్ నుంచి 45.46 మి.మీ. దూరంలో కూర్చోవాలి. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల "ఈ" మౌంట్‌కి (లెన్సు బిగించే చోటుకి) ఆ దూరం 18 మి.మీ. మిగిలిన ఇరవై ఏడున్నర మిల్లీమీటర్లని నింపే బోలు గొట్టమే అడాప్టర్. లోపల గాజు అక్కర్లేదు, నాణ్యత తగ్గదు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) మీద కథ వేరు. అక్కడ దూరం 46.5, అంటే లెన్సు కోరేదానికంటే ఎక్కువ. గాజు లేని అడాప్టర్‌తో దగ్గరి పిట్ట వస్తుంది, చెరువు అవతలి కొంగ రాదు. నికాన్ లెన్సుని నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కే పెడితే ఆ బాధ లేదు గానీ, 1977కి ముందు నాటి పాత పద్ధతి లెన్సుల్ని (నాన్-ఏఐ అంటారు) చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీద బలవంతంగా బిగిస్తే కెమెరా అంచునున్న చిన్న మీట విరుగుతుంది. అలాగే చిన్న మోడళ్ళు పాత లెన్సుతో వెలుతురు కొలవవు, అంచనాతో తీయాల్సిందే.

అడాప్టర్ వచ్చాక మొదట చందమామనో దూరపు సెల్ టవర్‌నో ఫోకస్ చేసి చూడండి. అది స్పష్టంగా రాకపోతే అడాప్టర్ మందం తప్పు, వెనక్కి పంపేయండి.

ఇక స్విచ్చి. ఎం42 టకుమార్ల పక్కన ఆటో, మాన్యువల్ అని చిన్న మీట ఉంటుంది. ఆటోలో ఉన్నప్పుడు, వెనకున్న పుల్లని ఎవరో లోపలికి నొక్కితేనే ఎపర్చర్ మూసుకుంటుంది. పాత కెమెరా ఆ పని చేసేది. కొన్ని అడాప్టర్లు చెయ్యవు. ఒక ఆదివారం ఉదయమంతా నేను ఎఫ్ 8 పెట్టాననుకుంటూ ఎఫ్ 4 లో తీశాను. మీట మాన్యువల్‌కి మార్చి, దాని మీద ఒక టేపు ముక్క అంటించేయండి.

కెమెరాలో మార్చాల్సినవి

మెనూలో "లెన్సు లేకుండా షటర్" అనే అర్థం వచ్చే ఆప్షన్ ఆన్ చెయ్యాలి, లేకపోతే కొన్ని కెమెరాలు క్లిక్కే మనవు. కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంటే ఫోకల్ లెంగ్త్ 200 అని చేత్తో ఎక్కించండి. చిప్ లేని లెన్సు కదా, అది ఎంతదో కెమెరాకి మనమే చెప్పాలి.

ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచుల మీద రంగు గీతలు చూపించే సదుపాయం) ఆన్ చేసి, తీవ్రత తక్కువలో, రంగు ఎరుపులో పెట్టండి. రా ఫార్మాట్‌లో (సెన్సార్ పట్టినదంతా మార్చకుండా దాచే ఫైలు) తీస్తూ, పిక్చర్ స్టైల్ మాత్రం నలుపు తెలుపుకి మార్చండి. వ్యూఫైండర్‌లో బొమ్మ నలుపు తెలుపులో కనిపిస్తుంది కాబట్టి ఎర్రటి పీకింగ్ గీతలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. రా ఫైల్లో రంగులు ఎక్కడికీ పోవు. వ్యూఫైండర్‌లో బొమ్మని పెద్దది చేసి చూపించే బటన్‌ని బొటనవేలికి అందే చోట పెట్టుకోండి. అది లేకుండా ఈ పని సాగదు.

ఎక్స్‌పోజర్ (ఫొటోకి ఎంత వెలుతురు అందాలన్నది) మాన్యువల్‌లోనే పెట్టుకోండి. పార్కులో ఉదయపు ఎండ పదిహేను ఇరవై నిమిషాల వరకు పెద్దగా మారదు, పిట్ట వెనక ఉన్న ఆకులూ ఆకాశమూ మాత్రం క్షణక్షణం మారతాయి. ఆటోలో ఉంటే కెమెరా ఆ వెనకదాన్ని చూసి మోసపోతుంది. లేత ఎండలో ఎఫ్ 5.6, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందించే మోతాదు) 400, షటర్ 1/1000 సెకను దగ్గర మొదలుపెట్టి ఒక ఫొటో చూసి సర్దుకోండి. చెట్టు నీడలోకి వెళ్తే ఐఎస్ఓ 1600 దాకా పెంచండి గానీ, షటర్‌ని 1/500 కంటే కిందికి దించకండి. కొమ్మ మీద కూర్చున్న పిట్ట కూడా తల ఎంత విసురుగా తిప్పుతుందో, మీరు తీసిన మసక ఫొటోలే చెబుతాయి.

డాబా మీద ఒక వారం

పార్కుకి వెళ్ళే ముందు ఇంట్లో చెయ్యాల్సిన పని ఒకటుంది. కొలత టేపుతో డాబా మీద 3, 4, 5, 7 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టి, ఒక్కో చోట బట్టల క్లిప్పు వేలాడదీసి ఫోకస్ పట్టండి. ఫోకస్ రింగ్ మీద సన్నటి కాగితపు టేపు చుట్టి, ఒక్కో దూరానికి పెన్నుతో గీత గీయండి. లెన్సు మీద అంకెలు ఉంటాయి కదా అంటారేమో. అవి చాలా చిన్నవి, పైగా అడాప్టర్ మందంలో వెంట్రుకవాసి తేడా వస్తే అవి తప్పిపోతాయి. మీ గీతలు తప్పవు.

ఆ తర్వాత కళ్ళు వ్యూఫైండర్‌కి ఆనించి, రింగు చూడకుండా, మూడో క్లిప్పు నుంచి మొదటి క్లిప్పుకి రమ్మని వేళ్ళకి నేర్పండి. నికాన్ రింగు ఒక దిక్కుకి తిరిగితే కేనన్ రింగు దానికి ఎదురు దిక్కుకి తిరుగుతుంది. రెండు కంపెనీల లెన్సులు కలిపి వాడితే వేళ్ళు తడబడతాయి. ఒకదానితోనే ఉండండి. వారం అయ్యాక కాకి మీద ప్రయత్నించండి. కాకి మనిషికి జడవదు, డాబా గోడ మీద నింపాదిగా తిరుగుతుంది, కన్ను నల్లటి తలలో నల్లగా ఉంటుంది. కాకి కంటి మీద ఫోకస్ పట్టగలిగితే మిగతా పిట్టలు సులువే.

కొమ్మని ఎంచుకోవడం

అడవిలో పిట్ట మనిషిని చూస్తే ఎగిరిపోతుంది. పార్కులో అది రోజూ వందలమంది వాకర్ల మధ్య బతుకుతుంది. అందుకే ఇక్కడ 200 మి.మీ. సరిపోతుంది. లెక్క చూడండి: ఏపీఎస్-సీ సైజు (పాత ఫిల్ము ఫ్రేము కంటే చిన్నది) సెన్సార్ మీద 200 మి.మీ. తో, 20 సెం.మీ. ఉండే పికిలిపిట్ట 10 మీటర్ల దూరంలో ఉంటే ఫ్రేము వెడల్పులో ఆరో వంతు. అదే 5 మీటర్లకి వస్తే మూడో వంతు దాటుతుంది. అంటే మనకి కావాల్సింది నాలుగైదు మీటర్ల దూరంలో ఉండే కొమ్మ.

పార్కులోకి వెళ్ళగానే కెమెరా బయటకి తియ్యకండి. అరగంట ఊరికే చూడండి. కొన్ని పిట్టలు ఒకే చోట నుంచి వేటాడి, మళ్ళీ అక్కడికే వచ్చి వాలతాయి. తోక చీలిన నల్లటి ఏట్రింత, పచ్చటి పసిరిక పిట్ట, నీళ్ళ పక్కన లకుముకి పిట్ట ఆ జాతి. ఊరి బయట పొలాల్లో కరెంటు తీగ మీద కూర్చునే పాలపిట్టదీ అదే తీరు. పసిరిక పిట్ట తూనీగని పట్టుకుని అదే రెమ్మ మీదకి తిరిగొచ్చి, దాన్ని కొమ్మకేసి బాది మింగుతుంది. నాలుగుసార్లు అదే రెమ్మ మీద వాలిందంటే ఐదోసారీ వాలుతుంది. మాన్యువల్ లెన్సు వాళ్ళకి వీటిని మించిన నేస్తాల్లేవు.

పిట్ట లేనప్పుడు కూడా కొమ్మని గుర్తుపట్టొచ్చు. కింద నేల మీద, ఆకుల మీద తెల్లటి రెట్ట చారలు ఎక్కువగా ఉన్న చోట తలెత్తి చూడండి. చెరువులో పాతిన గుంజ, నీళ్ళలోకి వంగిన ఎండుకొమ్మ, తోటమాలి వదిలేసిన పైపు కొస, ఇలాంటివన్నీ వాలే చోట్లే. కాయలున్న రావిచెట్టు దగ్గర కోయిల, పికిలిపిట్ట, కంసాలి పిట్ట తిరుగుతాయి. జనవరి నుంచి మార్చి దాకా బూరుగు చెట్టు ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది. అప్పుడు దాని కింద కూర్చుంటే గోరింకలు, ఏట్రింతలు, తేనెపిట్టలు వాటంతటవే వస్తాయి. ఆకు లేదు కాబట్టి కొమ్మలు అడ్డం రావు. ఏడాదిలో ఈ లెన్సుకి అంతకంటే మంచి కాలం నాకు తెలీదు.

కొమ్మ దొరికాక మూడు విషయాలు చూసుకుని కూర్చోండి. ఎండ మీ వీపు మీద పడాలి. కొమ్మకీ దాని వెనక ఆకులకీ మధ్య ఐదారు మీటర్ల ఖాళీ ఉండాలి, అప్పుడే వెనకంతా మెత్తగా కరిగిపోతుంది. పిట్ట వాలే ఎత్తు మీ కంటి ఎత్తుకి దగ్గరగా ఉండాలి. తలెత్తి తీస్తే పొట్ట తప్ప ఏమీ రాదు. బెంచీ కుదరకపోతే నేల మీద కూర్చోండి. మనిషి పొట్టిగా కనిపిస్తే పిట్ట కూడా తొందరగా అలవాటు పడుతుంది.

ట్రైపాడ్‌కి కొన్ని పార్కుల్లో ఒప్పుకోరు, కెమెరాకి వేరే టికెట్ ఉండే చోట్లూ ఉన్నాయి. గేటు దగ్గరే అడగండి. నేను అరకిలో సెనగలు పోసి కుట్టిన గుడ్డసంచి తీసుకెళ్తాను. బెంచీ వీపు మీద వేసి దాని మీద లెన్సు ఆనిస్తే ట్రైపాడ్‌తో పెద్దగా పని పడదు.

ఫోకస్ పట్టడం

ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు, కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

పిట్ట రాకముందే, అది వాలే చోట బెరడు మీద ఫోకస్ పెట్టండి. బొమ్మని పెద్దది చేసి చూసుకుంటూ రింగుని స్పష్టమైన చోటు దాటించి, వెనక్కి తెచ్చి, మళ్ళీ కొంచెం దాటించి, నడిమధ్య ఆపండి. ఒకే దిక్కున తిప్పుతూ "బాగానే ఉంది" అనుకున్న చోట ఆగితే ఎప్పుడూ కాస్త ముందే ఆగుతారు. ఆపిన చోటు మీ టేపు గీతతో పోల్చి చూసుకోండి. ఇక రింగు నుంచి చెయ్యి తీయొద్దు, తిప్పొద్దు.

పిట్ట వాలింది. అది మీరు ఫోకస్ పెట్టిన చోటికి రెండు మూడు సెంటీమీటర్లు అటో ఇటో కూర్చుంటుంది. 200 మి.మీ. తో 3 మీటర్ల దూరంలో ఎఫ్ 4 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు మొత్తం కలిపి నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. 5 మీటర్ల దగ్గర ఎఫ్ 5.6 కి 14 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అందుకే నేను మరీ దగ్గరకి పోను, ఎపర్చర్ పూర్తిగా తెరవను. పాత లెన్సులు ఎఫ్ 4 కంటే ఎఫ్ 5.6 లో ఎలాగూ బాగుంటాయి, అంచుల్లో ఊదారంగు కూడా తగ్గుతుంది.

ఆ కొద్ది తేడాని రింగుతో దిద్దకండి. నడుముని ముందుకీ వెనక్కీ అంగుళం మేర ఊపండి. బెంచీ మీద మోచేతులు ఆనించి, ఊపిరి సగం వదిలి, పిట్ట కంటి చుట్టూ పీకింగ్ గీత మెరిసిన క్షణాన నొక్కండి. ఒక్కటే కాదు, బరస్ట్‌లో (ఆగకుండా వరసగా) నాలుగైదు తీయండి. ఆ ఊగులో ఏదో ఒకటి కంటి మీద పడుతుంది.

పీకింగ్‌ని పూర్తిగా నమ్మొద్దని కూడా చెప్పాలి. అది చూసేది అంచుల్లో నలుపు తెలుపుల తేడాని మాత్రమే. పికిలిపిట్ట రొమ్ము మీద పొలుసుల్లాంటి గీతలు దాన్ని బులిపిస్తాయి, కన్ను మసకగా ఉన్నా రొమ్మంతా ఎర్రగా మెరుస్తుంది. కదలకుండా కూర్చున్న పిట్టయితే పెద్దది చేసి కన్నునే చూడండి. కదిలే పిట్టకి పీకింగ్, నిలిచిన పిట్టకి భూతద్దం, ఇలా పంచుకుంటే గొడవ లేదు.

మొదటి నెల గుడ్డికొంగ మీద చెయ్యి సాధించండి. నీళ్ళ అంచున మట్టిరంగులో కలిసిపోయి నిమిషాల తరబడి బొమ్మలా నిలబడుతుంది. దాని పసుపుపచ్చటి కన్ను ఫోకస్‌కి చక్కగా చిక్కుతుంది. తేనెపిట్టని మాత్రం ఆఖరికి ఉంచుకోండి. బొటనవేలంత ఉంటుంది, ఒక పువ్వు దగ్గర రెండు సెకన్లు ఆగదు. దాన్ని వెంటాడకుండా, ఇంకా తేనె తాగని పువ్వుల గుత్తి ఒకటి చూసి ఫోకస్ పెట్టి కూర్చోవాలి.

తెల్లకొంగ, నల్ల ఏట్రింత

వెలుతురు ఒకటే అయినా ఈ రెండింటికీ ఒకే లెక్క పనికిరాదు. ఎండలో తెల్లకొంగని తీస్తే ఈకల గీతలు పోయి సున్నం పూసిన గోడలా వస్తుంది. షటర్ 1/1000 నుంచి 1/2000 కి పెంచండి. ఏట్రింతకి ఎదురు: 1/500 కి దించితే నలుపులో నీలిమెరుపు కనిపిస్తుంది. కొంగ అంచున ఆకాశం ఉంటే పాత గాజు ఊదారంగు గీత గీస్తుంది, దాన్ని వదిలించుకోవడానికి ముదురు ఆకులో నీళ్ళో వెనకొచ్చే చోటికి మీరు రెండడుగులు జరగడం సులువైన మార్గం. గాజు మీది పాత పూతలు పక్క వెలుతురుని ఆపలేవు, బొమ్మ పాలిపోతుంది. హుడ్ (లెన్సు ముందు పెట్టే నీడ గొట్టం) లేకపోతే నల్ల చార్టు కాగితం గొట్టంలా చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి.

ఎగిరే పిట్ట

ఇది వందకి ఐదు వచ్చినా గొప్పే. చెరువు అవతల నుంచి వచ్చే కొంగలతో మొదలుపెట్టండి, రామచిలుకల జోలికి పోకండి, వాటి వేగం వేరు. కొంగలు ఎటునుంచి వస్తున్నాయో చూసి, ఆ దారిలో 20 మీటర్ల దూరంలో ఉన్న చెట్టు మీద ఫోకస్ పెట్టి, ఎఫ్ 8 కి మార్చండి. అక్కడ మూడు మీటర్ల లోతు స్పష్టంగా ఉంటుంది. కొంగని దూరం నుంచే ఫ్రేములో పెట్టుకుని దానితో పాటు తిరుగుతూ, ఆ మూడు మీటర్లలోకి రాబోతుండగానే బరస్ట్ మొదలుపెట్టండి. షటర్ 1/2000. సైలెంట్ షటర్ ఆపేయండి, చాలా కెమెరాల్లో రెక్కలు వంకరగా వస్తాయి.

గూళ్ళ దగ్గరకి మాత్రం వెళ్ళకండి. ఫోన్‌లో కూత వినిపించి పిలవడం, గింజలు చల్లి రప్పించడం, ఫ్లాష్ కొట్టడం వద్దు. దసరాకి పాలపిట్టని చూస్తే శుభమని కొందరు పంజరంలో పట్టి తెస్తారు, అది 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. దాన్ని ఫొటో తీసి పెడితే ఆ బేరానికి మీరు కూడా గిరాకీ పెంచినట్టే.

ఇంటికొచ్చాక

మొదట కన్ను మసకగా ఉన్నవన్నీ తీసేయండి, ఈకలు ఎంత బాగున్నా సరే. మిగిలినవాటికి కాంట్రాస్ట్ కొద్దిగా పెంచి, ఊదా అంచులు తీసేసి, అవసరమైతే కత్తిరించండి. ఏ ఎపర్చర్‌లో తీశారో ఫైల్లో ఉండదు. గుర్తు కావాలంటే ఎపర్చర్ మార్చిన ప్రతిసారీ లెన్సు రింగుని ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

లెన్సుని తోలు కేసులో పెట్టి బీరువాలో దాచకండి, తోలు తేమ పట్టి ఫంగస్ తెస్తుంది. తేమ పోతుందని బియ్యం డబ్బాలో కూడా పెట్టొద్దు, తవుడు పొడి రింగుల్లోకి దూరుతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. వానాకాలం పార్కు నుంచి వచ్చిన రోజు లెన్సుని వెంటనే డబ్బాలో పెట్టకుండా, ఫ్యాను కింద గంటసేపు ఆరనిచ్చి అప్పుడు మూత వెయ్యండి.